చింతపండు నీళ్ళు పారబోసిన రోజు

చేమదుంప తురిమేటప్పుడు ముందు ఏమీ తెలియదు. రెండు మూడు నిమిషాలయ్యాక వేళ్ళ సందుల్లో సన్నగా మొదలవుతుంది దురద. అక్కణ్ణుంచి మణికట్టు దాకా పాకుతుంది. నిన్న ఈ పరాయి దేశంలో, పుంగ్గోల్‌లోని మా వంటింట్లో చేతులకు నూనె రాసుకోవడం మరిచిపోయి తురమడానికి కూర్చున్నాను. కాసేపటికి గోక్కోలేక పంపు కింద చేతులు పెట్టి నిలబడ్డాను. మా అమ్మాయి లాస్య వచ్చి చూసి, "ఫ్రోజెన్‌వి కొనేస్తే అయిపోతుంది కదా మా, వై సఫర్ లైక్ దట్ లా" అని ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో అనేసి నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. దానికి చెప్పలేదు గానీ, ఆ దురద మొదలవగానే నాకు కోపం కూడా మొదలవుతుంది. పన్నెండేళ్ళుగా ఇదే వరస. వయసు పెరిగితే కోపం తగ్గుతుందంటారు. నాది తగ్గలేదు, తగ్గించుకోవాలన్న ఆలోచనా లేదు.

ఆ కోపమంతా ఒక మనిషి తాలూకుది. ఆమె పేరు అప్పలనరసమ్మ. పాయా లేబర్‌లో ఒక కేటరింగ్ కంపెనీ వంటశాలలో నేను చేరేనాటికి ఆమె అక్కడ పెద్ద వంటమనిషి. చైనావాళ్ళు, మలయ్‌వాళ్ళు, మనవాళ్ళు అందరూ నర్సమ్మ ఆంటీ అనే పిలిచేవాళ్ళు. ఆమె తాతగారు మా అనకాపల్లి వైపు నుంచే ఈ దేశానికి వచ్చారట. ఆమె పుట్టిందీ పెరిగిందీ మాత్రం ఇక్కడే. మా ఊళ్ళో ముసలివాళ్ళు కూడా మరిచిపోయిన మాటలు ఆమె నోట్లో ఉండేవి, వాటి మధ్యలో అరవం, మలయ్ అడ్డదిడ్డంగా దొర్లేవి. పొద్దున్నే ఎవరు ఎదురైనా "మకాన్ అయిందా?" అని అడిగేది. తిన్నావా అని దాని అర్థం. తినలేదంటే పని మొదలుపెట్టనిచ్చేది కాదు.

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. మా ఆయన ఓడల యార్డులో సూపర్‌వైజరు. నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదివాను కాబట్టి వంట నాకు వచ్చనుకునేదాన్ని. మొదటి డిసెంబరులోనే ఆ భ్రమ వదిలిపోయింది. లీయా మేడమ్ అని ఒక పెద్దావిడ ఇంటినుంచి ఏటా డిసెంబరులో ఒక ఆర్డరు వచ్చేది. వాళ్ళు యూదులు. వాళ్ళకు ఎనిమిది రోజుల దీపాల పండగ ఒకటుంది, ఆ పండగకు నూనెలో వేయించినవి తినాలి. అందులో ముఖ్యమైనది లాట్కే. పచ్చి బంగాళాదుంప తురిమి, నీరు పిండి, ఉల్లిపాయా గుడ్డూ ఉప్పూ కలిపి, చిన్న చిన్న అట్టుల్లా పెనం మీద నూనెలో వేయిస్తారు. నర్సమ్మ ఆంటీ పదిహేడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు లీయా మేడమ్ వాళ్ళ అమ్మగారింట్లో పనికి కుదిరింది. లాట్కే ఆ ముసలావిడ దగ్గరే నేర్చుకుంది. ఒక పండగకు ఇంట్లో బంగాళాదుంపలు సరిపోకపోతే, బజారుకు పరిగెత్తే టైము లేక, ఇంట్లో ఉన్న చిలగడదుంపా క్యారెట్టూ చేమదుంపా కలిపేసిందట. "పెద్దమ్మగారు ముందు నన్ను తిట్టింది. తరవాత తినింది. తిన్నాక మళ్ళీ తిట్టింది, ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదని" అని చెప్పి నవ్వేది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో పండగంటే నాలుగు దుంపల లాట్కేలే. ఆంటీ మా కంపెనీలో చేరాక ఆ ఆర్డరు కూడా ఆమె వెంటే మా వంటశాలకు వచ్చింది. దానికోసం ఆమె ఒక పెనం, ఒక తురుము పీట, రెండు గుడ్డలు విడిగా మూట కట్టి దాచేది. వాటిని వేరే దేనికీ ముట్టుకోనిచ్చేది కాదు.

మొదటి రోజు తురుమును గుడ్డలో వేసి పిండమంది. నేను పిండి పక్కన పెట్టాను. ఆమె వచ్చి మూట చేత్తో ఎత్తి చూసింది. "ఏటే ఆ పిండడం? పసిపిల్లకి తల తుడుస్తన్నట్టు!" అని, తానే మెలితిప్పి పిండితే గ్లాసుడు నీళ్ళు కారాయి. ఆ నీళ్ళు సింకులో పోయబోతే చెయ్యి మీద ఒక్కటేసింది. "పొయ్యకు! తేరనివ్వు." పావుగంటకు గిన్నె అడుగున తెల్లటి పిండి పేరుకుంది. పైనీళ్ళు వంచేసి, ఆ పిండిని మళ్ళీ తురుములో కలిపింది. లాట్కే విడిపోకుండా పట్టుకునేది ఆ పిండేనట, మైదాతో పని లేదు. చేమదుంప సంగతి మాత్రం వేరు. దాన్ని విడిగా తురిమి, ఉప్పు వేసిన చింతపండు నీళ్ళలో గంటసేపు నానబెట్టి, రెండుసార్లు కడిగి, పావుగంట ఆవిరి పట్టి, అప్పుడు గానీ మిగతా దుంపల్లో కలిపేది కాదు. అట్టు కూడా పలచగా వెయ్యాలి, లోపల పచ్చిగా ఉండకూడదు. "చేమకి మొగమాటం లేదే. సరిగ్గా చెయ్యకపోతే గొంతులో కూకుని చెప్తది" అనేది.

రెండేళ్ళు ఆమె పక్కన నిలబడి పని చేశాను. ఇంట్లో మా అమ్మ నేర్పనిది, కాలేజీ నేర్పనిది ఆమె నేర్పింది. పని తొందరపెట్టేవాణ్ణి చూసి తొందరపడకపోవడం అందులో మొదటిది. నేను అది నేర్చుకున్నాననే అనుకున్నాను.

మూడో ఏడు కిరణ్ సార్ వచ్చాడు. హైదరాబాదు మనిషి, ఆపరేషన్స్ మేనేజరు. మన మనిషే కదా అని అందరికన్నా ఎక్కువ సంబరపడింది నేనే. నర్సమ్మ ఆంటీని "అమ్మా, అమ్మా" అనేవాడు, వంగి దండం పెట్టేవాడు. వంటశాలలో ఏ పనికి ఎన్ని నిమిషాలు పట్టాలో కాగితాలు అచ్చు వేయించి గోడలకు అంటించాడు. వాటిల్లో నానబెట్టడానికి గడి లేదు. ఆంటీ ఆ కాగితం చదివి, "పాపం, ఈ బాబుకి ఆకలెయ్యదేమో" అని తన పని తాను చేసుకుపోయింది.

ఆ డిసెంబరులో లీయా మేడమ్ ఆర్డరు రోజునే ఆంటీకి కళ్ళాసుపత్రిలో అపాయింట్‌మెంట్ పడింది. శుక్లాలు. వాయిదా వేస్తే మళ్ళీ మూడు నెలలకు గానీ దొరకదు. ఆమె తెల్లవారుతూనే వచ్చి, అన్నీ తురిమి, చేమదుంప తురుమును చింతపండు నీళ్ళలో వేసి మూత పెట్టింది. నన్ను పిలిచి, "ఎనిమిదింటికి తియ్యి. రెండుసార్లు కడుగు. ఆవిరి పట్టు. నేను పన్నెండుకల్లా వచ్చేస్తా, వేపుడు నేను చూసుకుంటా" అని చెప్పి వెళ్ళింది. అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పింది. నాకు బాగా గుర్తుంది.

ఆమె వెళ్ళిన పది నిమిషాలకు కిరణ్ సార్ వచ్చాడు. తొట్టి మూత తీసి ముక్కు చిట్లించాడు.

"పద్మజా, ఈ బ్రౌన్ వాటర్ ఏంటి?"

"చేమదుంపకండి. దురద పోవడానికి."

"ఆయిల్‌లో వేస్తే అన్నీ పోతాయ్. గంట నానబెట్టి, మళ్ళీ స్టీమ్ చేసి... ఇది కమర్షియల్ కిచెనా, అమ్మమ్మగారిల్లా? ఈరోజు ఆడిట్ వాళ్ళొస్తారు. పారబోసెయ్. అన్నీ కలిపి వేయించెయ్యండి, కొంచెం మందంగా వెయ్యండి, ఫొటోలో బాగుంటుంది."

"ఆంటీ వచ్చాక అడిగి..."

"ఇక్కడ మేనేజర్ ఎవరు?"

తొట్టి ఎత్తి సింకులో వంచాను. చింతపండు నీళ్ళు గోధుమరంగులో సుడి తిరిగి పోయాయి. నాకు తెలియక చేసిన పని కాదు. మా ఇంట్లో చేమదుంపల పులుసు తినని ఆదివారం లేదు. పూర్తిగా తెలిసే చేశాను. పదకొండున్నరకు లాట్కేలు వ్యాను ఎక్కాయి.

ఆంటీ పన్నెండుకు వచ్చింది. కంటికి చుక్కల మందు వేసినందువల్ల రెప్పలు వాల్చి నడుస్తోంది. పళ్ళెంలో మిగిలిన లాట్కే ఒకటి తుంచి నోట్లో పెట్టుకుని వెంటనే ఉమ్మేసింది. నా మొహం చూసింది. అప్పటికప్పుడు టాక్సీ పిలిపించుకుని, అదే ఏప్రాన్‌తో లీయా మేడమ్ ఇంటికి పరిగెత్తింది. వాళ్ళు అప్పటికే భోజనాలకు కూర్చున్నారు. పది మందికి గొంతులు గీరుకుపోయాయి. అయిదేళ్ళ మనవరాలికి పెదాలు వాచి ఏడుపు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు, సాయంత్రానికి తగ్గింది. కానీ ఆంటీ గేటు దగ్గర నిలబడితే లీయా మేడమ్ "ఇన్నేళ్ళ తరవాత ఇలాగా, నర్సమ్మా?" అని మాత్రం అని తలుపు వేసుకుందట. ఏం జరిగిందని అడగలేదు. ఆంటీ కూడా "నా చేతి కింద జరిగింది, క్షమించండి" అని మూసిన తలుపుకు చెప్పి వచ్చేసింది.

మరునాడు విచారణ. గదిలోకి వెళ్ళే ముందు లాకర్ల దగ్గర ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. నేను అప్పటికే ఏడుస్తున్నాను. "ఏడవకు. నీ వర్క్ పాస్ ఆ మేనేజరోడి చేతిలో ఉంది. పాస్ పోతే ఇంటికెళ్ళిపోవాలి, తెలుసా? నాది ఈ దేశమే, నన్నేటి చేస్తారు? నువ్వు నోరు మూసుకో. నేను చూసుకుంటా." నేను తలూపాను. గదిలో కిరణ్ సార్, హెచ్ఆర్ ఆవిడ ఉన్నారు. చేమదుంప సంగతి వంటశాలలో నర్సమ్మ ఒక్కదానికే తెలుసనీ, ఆమె ఎవరికీ అప్పగించకుండా పని వదిలేసి వెళ్ళిపోయిందనీ కిరణ్ సార్ చాలా బాధగా చెప్పాడు. అంత బాధగా అబద్ధం చెప్పగలిగే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. హెచ్ఆర్ ఆవిడ నా వైపు తిరిగింది.

"వెళ్ళే ముందు నర్సమ్మ నీకేమైనా చెప్పిందా?"

"గుర్తు లేదండి" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకు హాయిగా అనిపించింది. సిగ్గుపడాల్సింది సిగ్గుపడకుండా రాస్తున్నాను, నిజంగా హాయిగా అనిపించింది. కిరణ్ సార్ నాకేసి చూసి చిన్నగా తలాడించాడు, మంచి పిల్లవని మెచ్చుకున్నట్టు. ఆంటీ నా వైపు చూడలేదు.

ఆమెను తీసేశామని కంపెనీ ఎక్కడా అనలేదు. పాము చావకుండా కర్ర విరక్కుండా, ఆరోగ్య కారణాల వల్ల విశ్రాంతి తీసుకుంటున్నారని చెప్పింది. కేకు కూడా తెప్పించారు. ఆమె ఇన్నేళ్ళ సేవ గురించి కిరణ్ సార్ ఉపన్యాసం ఇచ్చాడు, మధ్యలో గొంతు కూడా వణికించాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఆంటీ కేకు ముక్క తినకుండా కాగితం పళ్ళెంలో పెట్టి, తన మూట, ఆ పెనం, తురుము పీట, గుడ్డలు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత ఫోను చెయ్యాలనుకుంటూ చెయ్యలేదు. తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఇంట్లో ఆర్డర్లు తీసుకుని వంట చేస్తానని ఆమె అనుకుందని ఎవరో చెప్పారు. లీయా మేడమ్ వాళ్ళ బంధువుల్లోనూ స్నేహితుల్లోనూ మాట పాకిపోయి, ఎవరూ పిలవలేదనీ చెప్పారు. నేను విన్నాను, విని ఊరుకున్నాను.

పదకొండు నెలల తరవాత ఒక ఆదివారం మధ్యాహ్నం, నేనూ మా ఆయనా యీషున్‌లో స్నేహితుల ఇంటికి వెళ్తూ తిండి అంగళ్ళన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో తినడానికి ఆగాం. ఎదురు బల్ల దగ్గర ఒక ముసలావిడ ఎంగిలి ట్రేలు తీసి బండిలో పేరుస్తోంది. ఒక కుర్రాడు ఫోనులోంచి తల ఎత్తకుండా మోచెయ్యి మాత్రం పైకెత్తాడు, ఆమె కింద తుడిచింది. ఆమె మా బల్ల దగ్గరికి వచ్చి, "పద్మా! మకాన్ అయిందా?" అంది.

నేను ఒక్కసారిగా ఏమేమో అనేశాను. ఇదేం పని ఆంటీ అన్నాను, వాడు సుఖంగా ఉన్నాడు, ప్రమోషన్ కూడా వచ్చింది, మీరు ఈ ఎంగిళ్ళెత్తడమేంటి, మీకు కోపం రాదా అని అరిచాను. పక్క బల్లలవాళ్ళు తిరిగి చూశారు. ఆమె గుడ్డ మడత పెడుతూ, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అని నవ్వింది. "పని పనే. ఇంట్లో కూకుంటే ఏటి తోస్తది? తిను, చల్లారిపోద్ది" అని బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. ఒక కన్ను ఇంకా సరిగ్గా కనబడడం లేదేమో, కుర్చీ కాలు తగిలి తూలింది. నేను ఒక్క ముద్ద తినలేదు.

కిరణ్ మీద కోపం వచ్చింది. లీయా మేడమ్ మీద వచ్చింది. కేకు మీద, చప్పట్ల మీద వచ్చింది. ఆంటీ మీద అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది. నన్ను కాపాడమని ఈమెనెవరడిగారు? తన బతుకు అడ్డం పెట్టి నా పాస్ నిలబెట్టమని నేనేమైనా కాళ్ళు పట్టుకున్నానా? ఇదంతా నా మీద కోపానికి వేసిన ముసుగని అప్పుడు తెలియలేదు. ఆ రాత్రి మా ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన "పాస్ పోతే పోనీ, నువ్వు ఇలా ఉంటే మాత్రం నాకు బాగాలేదు" అన్నాడు.

మర్నాడు సెలవు పెట్టి లీయా మేడమ్ ఇంటికి వెళ్ళాను. వరండాలో నిలబడే చెప్పాను. ఆంటీ చేమదుంప నానబెట్టి వెళ్ళిందని, ఏం చెయ్యాలో నాకు చెప్పి వెళ్ళిందని, మేనేజరు పారబొయ్యమంటే నా చేతులతో నేనే పారబోశానని, విచారణలో గుర్తు లేదని అబద్ధమాడానని చెప్పాను. ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. "నువ్వు ఆ వారమే వచ్చి చెప్పి ఉంటే, ఆమెను మేము వదులుకునేవాళ్ళం కాదు" అంది. అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆవిడ కంపెనీకి ఉత్తరం రాసింది. కిరణ్ సార్ నన్ను గదిలోకి పిలిచి, "నీకెందుకు పద్మజా ఇవన్నీ? మనవాళ్ళం మనం" అన్నాడు. మనవాళ్ళమట! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా ఒప్పందం పొడిగించలేదు. మా ఆయన తంటాలు పడి తెప్పించిన వేరే పాస్ మీద నాలుగు నెలలు ఖాళీగా ఉండి, వేరే వంటశాలలో మళ్ళీ కింది నుంచి మొదలుపెట్టాను. కిరణ్ సార్‌కు మాత్రం ఏమీ కాలేదు. ఇప్పటికీ ప్రతి పండగకూ దండం పెట్టే బొమ్మలతో శుభాకాంక్షలు పంపుతుంటాడు. నేను తీసెయ్యను. కోపం చల్లబడకుండా ఉండడానికి అవి పనికొస్తాయి.

లీయా మేడమ్‌కు చెప్పిన వారానికి యీషున్‌లో ఆంటీ ఫ్లాట్‌కు వెళ్ళాను. చేసినదంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ, ఆమె నన్ను దగ్గరికి తీసుకుంటుందనో, పాస్ పోతుందని తిడుతుందనో అనుకుంటూనే ఉన్నాను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. అంతలో ఫోను మోగింది. లీయా మేడమే. చేతులు తడిగా ఉన్నాయని ఆంటీ స్పీకరు పెట్టింది. తప్పయిపోయిందనీ, వచ్చే పండగకు ఇంటికి రావాలనీ, వండడానికి కాదు, తమతో కూర్చుని తినడానికైనా రావాలనీ ఆవిడ బతిమాలింది. ఆంటీ ఆవిడ మాట పూర్తయ్యేదాకా ఆగింది.

"రాను మేడమ్" అంది. "మీ అమ్మగారి పొయ్యి దగ్గర పెరిగాను. మీ పిల్లలకి ముద్దలు పెట్టాను. ఆ రోజు గేటు కాడ నిలబడితే, ఏం జరిగింది నర్సమ్మా అని ఒక్క మాట అడగలేదు మీరు. ఎవరో వచ్చి చెప్తే ఇప్పుడు పిలుస్తున్నారు. అడగనోళ్ళకి నేనిక వండను." ఫోను పెట్టేసింది. ఆమెకు కోపం రావడం నేను చూసింది అప్పుడే.

నాకు లోపల ఎంత సంతోషమయిందో చెప్పలేను. "బాగా చెప్పారు ఆంటీ, అలాగే ఉండాలి" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. చిక్కుడుకాయ చేతిలోనే ఉంది.

"నోరు మూసుకోమన్నాను పద్మా. గుర్తు లేదని చెప్పమన్నానా?"

నేను ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె తుంచడం మొదలుపెట్టాను. ఆమె కూడా మళ్ళీ ఈనెలు తియ్యడంలో పడింది. చీకటి పడుతుంటే అన్నం పెట్టింది, చిక్కుడుకాయ కూరతో. తిన్నాను. ఆ తరవాత ఆమె బతికున్నన్నాళ్ళూ, అంటే తొమ్మిదేళ్ళు, నెలకోసారి వెళ్ళేదాన్ని. నా పెళ్ళిరోజుకు చీర పెట్టింది, లాస్య పుడితే నూనె కాచి ఇచ్చింది. నన్ను క్షమించానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు, అడిగితే ఆమె ఆ రోజు అడిగినదానికి జవాబు చెప్పాలి కదా.

ఇప్పుడు నా కింద పద్నాలుగు మంది పని చేస్తారు. ఏదైనా పాడైనప్పుడు ఎవరు చేశారని అడిగితే, తల దించుకుని "గుర్తు లేదు మేడమ్" అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆ మాట వినగానే నా మొహం ఎలా మారుతుందో నాకు తెలియదు గానీ వాళ్ళు భయపడతారు. నేను వాళ్ళను కేకలెయ్యను. కుర్చీ వేసి కూర్చోబెడతాను, మంచినీళ్ళిస్తాను, గుర్తొచ్చేదాకా ఎదురుగా కూర్చుంటాను.